ఎవరి బాటిల్ వాళ్ళది

...పన్నెండు గంటలు వేడి, ఇరవై నాలుగు గంటలు చల్లదనం అని అట్టపెట్టె మీద ఇంత పెద్ద అక్షరాలతో వేశారు గానీ, అసలు సుగుణం రాయలేదేమిటా అనుకుంటూ చోడవరం మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు ముందు నిలబడిపోయాను. ఎంతమంది పెద్దలు ఎన్ని ఉపన్యాసాలిచ్చినా పోని కులపట్టింపుని ఈ బాటిల్ ఒక్క చుక్క చిందకుండా మాయం చేసింది. ఆ సంగతి అట్ట మీద వేయొద్దూ?

నవ్వకండి. వివరంగా చెబుతాను.

వెనకటి రోజులు గుర్తు తెచ్చుకోండి. మనం నీళ్ళు ముట్టని ఇల్లొకటి ఉండేది. ఆ ఇంటికి పనిమీద వెళ్ళక తప్పేది కాదు. వెళ్ళగానే ఇల్లాలు గ్లాసుతో నీళ్ళు తెచ్చేది. ఎంత నరకం! ఎండలో చెరకు ట్రాక్టర్ల వెనక నడిచొచ్చి, చెమటలు కారుతుండగా "దాహంగా లేదమ్మా" అనాలి. ఆవిడ మన మొహంలోకి చూస్తుంది. మనం గోడ మీద కేలండర్ చూడాలి.

మా ఆఫీసు సూపరింటెండెంట్ శ్యాంప్రసాద్ గారైతే ఏ ఇంట్లో ఏ జబ్బు చెప్పారో గుర్తుపెట్టుకోలేక అవస్థపడేవారు. రోలుగుంటలో గొంతునొప్పి చెప్పారు, చీడికాడలో గ్యాస్ ట్రబుల్ చెప్పారు. రెండు ఊళ్ళవాళ్ళూ ఒకే పెళ్ళిలో ఎదురుపడితే ఏ రోగంతో నడవాలి? ఇప్పుడాయన ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉంది. మందులేమీ వాడలేదు. బాటిల్ కొన్నారు.

ఇప్పుడు గ్లాసు రాగానే బాటిల్ పైకెత్తి చూపిస్తే చాలు. "ఉన్నాయమ్మా." అయిపోయింది! కాదన్నట్టూ కాదు, కాదనకుండా ఉన్నట్టూ కాదు. మా ఆఫీసులో కులం అన్న మాట వినపడి ఎన్నాళ్ళయిందో. అవసరం పడలేదు.

నేను నలుగురిలో కలిసే మనిషిని కాను. సాయంత్రాలు గదిలో ఒక్కడినీ కూర్చుని మనసు గురించి రాసిన పుస్తకాలు చదువుకుంటాను. వాటివల్ల నాకు తెలిసిందేమిటంటే, తప్పు చేయడం మనిషికి కష్టం కాదు. చేస్తున్నానని తెలియడమే కష్టం. ఆ తెలియడాన్ని ఎవరైనా తీసిపారేస్తే హాయిగా నిద్ర పడుతుంది. బాటిల్ నిర్మాణం కూడా అదే. రెండు గోడలు, మధ్య ఖాళీ. ఆ ఖాళీలో గాలి కూడా ఉండదట. లోపల ఏం కాగుతోందో బయటికి తెలియదు. బయట ఎవరు ఉడుకుతున్నారో లోపలికి తగలదు. పైన చెయ్యి వేస్తే మాత్రం చల్లగా, మర్యాదగా ఉంటుంది. శ్యాంప్రసాద్ గారి షేక్‌హ్యాండ్ కూడా అలాగే ఉంటుంది.

ఇంతకీ నేను కొట్టు ముందు ఎందుకు నిలబడ్డానో చెప్పలేదు. మా సీనియర్ అసిస్టెంట్ గణపతిరావు వడ్డాది రోడ్డులో ఇల్లు కట్టుకున్నాడు. ఆయన పుట్టిన పేట గురించి మా ఆఫీసులో ఎవరూ మాట్లాడరు. అందరికీ తెలుసు కాబట్టి. గృహప్రవేశం కార్డులు పంచడానికి భార్య నూకరత్నాన్ని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ ఆడవాళ్ళకి బొట్టు పెట్టి, అందరినీ పేరుపేరునా పిలిచి, ఆఖర్న శ్యాంప్రసాద్ గారి టేబుల్ ముందు ఆగింది.

"రాడం ఒక్కటే కాదు బాబూ, ఏదో ఒకటి నోట్లో ఏసుకుని ఎల్లాల. ఇన్నేళ్ళబట్టి ఈయనతోటి పనిచేస్తన్నారు, మా ఇంట మంచినీల్లు కూడా ముట్టలేదు. నానింకేటీ అడగను."

గణపతిరావు ఫైలు కట్టలకేసి చూస్తున్నాడు. శ్యాంప్రసాద్ గారు గుండె మీద చెయ్యి వేసుకుని "తప్పకుండా అమ్మా" అన్నారు.

వాళ్ళటు వెళ్ళగానే కానుక గురించి చర్చ మొదలైంది.

"డిన్నర్ సెట్టిద్దాం సార్. ఆవిడ సంతోషిస్తాది" అంది టైపిస్టు సంధ్యారాణి.

"అందులోనే వడ్డించి తినమంటేనో?" అన్నారు శ్యాంప్రసాద్ గారు.

"గోడ గడియారం?" అన్నాను.

"దానికింద కూర్చోబెట్టి, ఇంకా టైముంది కదా అంటారు." కాసేపు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి మొహం వెలిగిపోతోంది. "బాటిల్. ఏడిగా ఉంటాది, సల్లగా ఉంటాది. ముఖ్యంగా, దాంతో ఎదటోడికి పెట్టడమనేది ఉండదు. ఎవడిది ఆడే తాగాల."

ఎంత దూరదృష్టి! మేధావులు జిల్లా కేంద్రాల్లోనే ఉంటారనుకోవడం మన పొరపాటు. ఎంచి తెచ్చే బాధ్యత నా మీద పడింది. ఒంటరివాడికి పనులుండవని లోకం నమ్మకం.

కొట్టులో ఎన్ని రకాలో. ఇరుకు మూతిదైతే చెయ్యి దూరదు, కడగలేం. వెడల్పు మూతిదైతే బస్సు కుదుపుకి చొక్కా మీద పడుతుంది. నొక్కితే తెరుచుకునేది ఒకటి, స్ట్రాతో పీల్చుకునేది ఒకటి. నాలుగైదు మూతలు తిప్పి చూసేసరికి కొట్టు యజమాని తవిటయ్యకి విసుగొచ్చింది.

"ఏటి బాబూ, తమరికా, ఒకలికియ్యడానికా?"

"ఇవ్వడానికే."

"అయితే ఇది తీసుకోండి. దీని మూతే కప్పు. అందులోకి ఒంపుకుని తాగీడమే. ఇచ్చినోల్లని తలుసుకుంటారు."

మెరూన్ రంగు. చేతిలో బరువుగా, పెద్దమనిషి తరహాగా ఉంది. తీసేసుకున్నాను. మూత గురించి అంతకన్నా ఆలోచించలేదు. మనసు శాస్త్రం చదివినవాడు మూతల దగ్గర బోల్తా పడ్డాడు.

గృహప్రవేశం తెల్లవారుజామున అయిపోయింది. శ్యాంప్రసాద్ గారు, సంధ్యారాణి, నేను, ముగ్గురం ఆఫీసుకి వెళ్ళే దారిలో ఆగాం. ముగ్గురి భుజాలకీ బడిపిల్లల్లా బాటిళ్ళు వేలాడుతున్నాయి. కుర్చీల్లో కూర్చున్నామో లేదో, నూకరత్నం పట్టుచీర చెంగు దోపుకుని ట్రేలో గ్లాసులతో వచ్చింది. మూడు బాటిళ్ళు ఒక్కసారి లేచాయి. పెరేడ్‌లో తుపాకులు కూడా అంత పొందికగా లేవవు.

"ఉన్నాయమ్మా."

ఆవిడ బాటిళ్ళకేసి చూసింది. ట్రే పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నా సిద్ధాంతం ఎంత చక్కగా రుజువైందో గమనించారా? మాట తూలలేదు. ఎవరి మనసూ, పైకి కనపడేలా, నొచ్చుకోలేదు.

ఆవిడ తిరిగి రాగానే కానుక ఇచ్చాం. ఫొటో తీయించుకున్నాం. "ఆఫీసు టైమవుతంది" అని శ్యాంప్రసాద్ గారు లేచారు.

"ఒక్క నిమషం కూకోండి బాబూ" అని నూకరత్నం మేమిచ్చిన పెట్టె పట్టుకుని లోపలికి వెళ్ళింది. వంటింట్లో నీళ్ళ చప్పుడు. కడుగుతోంది. తర్వాత గిన్నె చప్పుడు. అల్లం వాసన వరండాలోకి వచ్చింది. శ్యాంప్రసాద్ గారు నావైపు చూసిన చూపులో నా సర్వీసు మొత్తానికి సరిపడా మెమోలున్నాయి.

ఆవిడ మెరూన్ బాటిల్‌తో బయటికొచ్చింది. "మరి ఇది మీ బాటిలే కదా బాబూ. దీంతో తాగడానికేటి?"

"ఎందుకులేయే, ఆలకి ఆలస్యమవుతాది" అన్నాడు గణపతిరావు, గుమ్మం పట్టుకుని.

"నువ్వుండు."

మూత తిప్పి, అందులోకి బెల్లం టీ ఒంపి, ముందు శ్యాంప్రసాద్ గారికి అందించింది.

"నాకు టీ పడదమ్మా."

గణపతిరావు ఆఫీసులో పక్క సీట్లో కూర్చుని, ఆయన పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తాగే టీలు చూసే మనిషి.

కప్పు సంధ్యారాణి ముందుకొచ్చింది. "నాకివాళ ఉపవాసమండీ."

"ఉపాసానికి టీ తాగొచ్చమ్మా."

"కటిక ఉపవాసం" అంది సంధ్యారాణి. టిఫిన్ కేరేజీ సంచీని మెల్లగా కుర్చీ కిందికి తోసింది.

నూకరత్నం నాముందు ఆగింది. నవ్వుతూనే కప్పు నా చేతి దాకా తెచ్చింది. "ఎంచింది మీరేనంట కదా బాబూ. బావుందో లేదో సూసి సెప్పండి."

ఏ జబ్బు చెప్పాలి? ఇన్నాళ్ళూ బాటిల్‌ని నమ్ముకుని జబ్బులన్నీ మర్చిపోయాను. నా సొంత బాటిల్ ఒళ్ళో ఉంది. దాన్ని ఎత్తి చూపించడానికి లేదు. ఎదురుగా ఉన్నదీ మాదే.

తీసుకున్నాను. తాగాను. నాలుక చుర్రుమంది.

ఎలా తాగానో కూడా చెప్పాలి, లేకపోతే నన్ను గొప్పవాణ్ణి అనుకునే ప్రమాదముంది. ఎవరెవరు చూస్తున్నారో చూసుకుంటూ తాగాను. శ్యాంప్రసాద్ గారు చెప్పులు వెతుక్కుంటున్నారు. సంధ్యారాణి ఫోన్ చూసుకుంటోంది. నాలోపల ఒకడు కొంచెం దూరంగా నిలబడి, శభాష్ అంటున్నాడు. వాడు శభాష్ అంటున్నంతసేపూ అది టీ కాదు, సన్మానం. ఆవిడ ఇంట్లో, ఆవిడ కాచిన టీ తాగుతూ, నాకు నేనే శాలువా కప్పుకుంటున్నాను.

కాబట్టి పాఠకులారా, అనుభవం మీద చెబుతున్నాను. బాటిల్ కొనేటప్పుడు స్టీలు రకం, లీటర్ల లెక్క అక్కర్లేదు. మూతే కప్పుగా ఉండేది మాత్రం కొనకండి! అది ఎదటివాడి చేతికి అందించడానికి వీలుగా ఉంటుంది. స్ట్రా ఉన్నది శ్రేష్ఠం. ఎవరిది వాళ్ళు, తల వంచుకుని, పీల్చుకోవచ్చు. మన సమాజ శాంతికి అంతకన్నా...

"ఎలాగున్నాది బాబూ?" అంది నూకరత్నం.

ఖాళీ మూతలోకి చూశాను. అల్లం ఎక్కువైందో, బెల్లం తక్కువైందో, ఏమీ గుర్తు లేదు.

"తెలీలేదమ్మా" అన్నాను. మూత మళ్ళీ చాపాను.