మంత్రిగారింటి వైర్ల పథకం

"ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో గాలిని నమ్మేది లేదు. ప్రతి గదికీ వైరు!"

టెలికాం మంత్రిగారు ఈ చారిత్రక ప్రకటనను తమ హాల్లో, సోఫా మీద కూర్చుని చేశారు. వినడానికి ముగ్గురమే ఉన్నాం: మంత్రిగారి భార్య అమ్మగారు, వారి బావమరిది, పత్రికా ప్రకటనలు రాసిపెట్టే నేను. అయినా మైదానం నిండినట్టు చప్పట్లు కొట్టాం.

ప్రకటనకు బలమైన కారణమే ఉంది. కిందటి నెల పార్టీ అధినేత వీడియో మీటింగు పెట్టి, "పార్టీ కోసం పదవి వదులుకునేవాళ్లు చెయ్యెత్తండి" అన్నారు. సరిగ్గా అప్పుడే మా మంత్రిగారు చెవి గోక్కోబోయారు. సరిగ్గా అప్పుడే ఇంట్లో వైఫై ఆగింది. తెర మీద ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. అధినేత కళ్లు చెమర్చాయట. చేసిన త్యాగాన్ని వెనక్కి తీసుకోవడానికి మంత్రిగారు వారం పాటు ఆయన వరండాలో పడిగాపులు కాశారు.

"ఇంకోసారి బొమ్మ ఆగిందా, నా పదవి గోవిందా" అని మంత్రిగారు మాతో అన్నారు. ఆయన పదవి పోతే నా ఉద్యోగమూ పోతుంది కాబట్టి నేను శ్రద్ధగా తలూపాను.

వైరింగు మెకానిక్కు వచ్చి ఇల్లంతా చూశాడు. "హాల్లో రౌటర్ నుంచి మీ టేబుల్ దాకా ఒక్క వైరు లాగితే చాలండీ. గంట పని."

"ఒక్క వైరు లాగితే దాన్ని పథకం అంటారటయ్యా?" మంత్రిగారు నొచ్చుకున్నారు.

వెంటనే బావమరిది అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. డైనింగ్ టేబుల్ మీద ఇంటి ప్లాను పరిచారు. అమ్మగారు తన గదికి రెండు సాకెట్లు అడిగారు. అది విని మంత్రిగారి తల్లి పెద్దమ్మగారు నాలుగు అడిగారు.

"నీకెందుకమ్మా? నీకు ఫోనే లేదుగా!"

"లేకపోతే? పెళ్లానికి రెండు ఇచ్చినవాడివి, కన్నతల్లికి నాలుగు ఇవ్వలేవట్రా?"

ఇచ్చారు. బావమరిది స్నానాలగదిలో ఒకటి పెట్టించుకున్నాడు. కుక్క ఏమీ అడగలేదు. అడగలేనివాళ్లకు అన్యాయం జరగకూడదని మంత్రిగారే దాని గూటికి ఒకటి మంజూరు చేశారు.

వైరు మంత్రిగారి శాఖ గోడౌన్ నుంచి వచ్చింది. నిజానికి అది ఊళ్లకు వెయ్యాల్సిన వైరు. కానీ సొంత ఇంట్లో పరీక్షించనిది ప్రజల నెత్తిన పెట్టకూడదన్నది మంత్రిగారి నియమం. ఇలాంటి నియమం ఎంతమంది నాయకులకు ఉంటుంది?

ఫ్రిజ్జు పక్కన శిలాఫలకం నిలిపారు. రిబ్బను కత్తిరించారు. మెకానిక్కు కన్నాలు వేసిన ధాటికి పెద్దమ్మగారి మంచం మీంచి వంటగది కనిపించసాగింది. అత్తాకోడళ్ల మధ్య కమ్యూనికేషన్ అప్పుడే మొదలైంది, చాలా గట్టిగా.

పని పూర్తయ్యాక మంత్రిగారు అడిగారు: "స్పీడెంతొస్తోంది?"

"వెయ్యి మెగాబిట్లండీ."

"బొమ్మ ఆగదుగా?"

"మీరు ఆగమన్నా ఆగదండీ!"

అయినా ఆయనకు నమ్మకం కుదరలేదు. "నేను కదలకుండా కూర్చుంటే బొమ్మ ఆగిందనుకుంటారేమో. నా వెనక ఎప్పుడూ ఏదో ఒకటి కదులుతూ ఉండాలి" అన్నారు. ఇంత చదివినా నాకు ఆ ఆలోచన రాలేదు. కుర్చీ వెనక స్టాండు ఫ్యాను పెట్టి, ప్రారంభోత్సవంలో మిగిలిన రిబ్బను దానికి కట్టాం. అది రెపరెపలాడుతుంటే మంత్రిగారి ముఖంలో ప్రశాంతత కనిపించింది.

మీటింగు రోజు మెకానిక్కూ నేనూ కెమెరాకు అందకుండా గోడకు అతుక్కుని నిలబడ్డాం. తెర మీద అధినేత ప్రత్యక్షమయ్యారు.

"ఏమయ్యోయ్, ఇవాళ భలే స్పష్టంగా ఉన్నావే! మీసానికి వేసిన రంగు కూడా తెలుస్తోంది."

"అంతా తమరి దయ సార్. వైరు వేయించాను."

"మంచి పని చేశావ్. వైరంటే గుర్తొచ్చింది. ఈ ఏడాది మీ శాఖ ఏయే ఊళ్లకు వైరు వేసింది? అన్నీ వద్దులే, ఒక్క ఊరి పేరు చెప్పు."

మంత్రిగారు నోరు తెరిచారు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. రెప్ప కూడా కొట్టడం లేదు. అప్పుడే వెనక నుంచి టీ కప్పుతో వస్తున్న అమ్మగారు భర్త వాలకం చూసి, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేశారు. అంతటి అన్యోన్య దాంపత్యం అరుదు.

"హలో? హలో? మళ్లీ ఆగిపోయిందా?" అన్నారు అధినేత.

మెకానిక్కు వంగి వైరు తడిమి చూసుకుని, "లైను బంగారంలా ఉందండీ! కావాలంటే ఆ రిబ్బను చూడండి!" అని నా చెవిలో మొత్తుకున్నాడు.

చూశాను. రిబ్బను హుషారుగా ఎగురుతోంది. తెర మీద అధినేత కళ్లజోడు సర్దుకుని, ముందుకు వంగి, ఆయనా దాన్నే చూస్తున్నారు.

మంత్రిగారు కనురెప్ప కదపకుండా, గొంతులోంచే నాతో అన్నారు:

"ఫ్యాను ఆపవయ్యా."