శివమ్మకు ఇష్టమైన సినిమా

ప్రతి ఇంట్లోనూ ‘మా చిన్నప్పుడు’ అని మొదలుపెట్టే మగమనిషి ఒకడు తప్పనిసరిగా ఉండాలని ప్రభుత్వం వెంటనే చట్టం తేవాలి! లేని ఇళ్లకు రేషన్ షాపు ద్వారా ఒకణ్ని సరఫరా చేయాలి!

నవ్వకండి. నేను సీరియస్‌గానే అంటున్నాను. మీ ఇంట్లో అలాంటివాడు ఉంటే మీరు ఇప్పటికే విసిగిపోయి ఉంటారు. అతను నోరు తెరవగానే పిల్లలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చుకుంటారు. భార్యకు హఠాత్తుగా స్టవ్ మీద పాలు గుర్తొస్తాయి. కానీ ఒక్కసారి ఆలోచించండి. నాన్న మొదలుపెట్టాడని తెలియగానే పుస్తకం పట్టుకుని పక్క గదిలోకి పరిగెత్తిన పిల్లలు ఎంతమంది ర్యాంకులు తెచ్చుకున్నారో ఎవరైనా సర్వే చేశారా?

జహీరాబాద్‌లో వీరేశ్ అని ఒకడున్నాడు. హైవే పక్కన డ్రిప్ పైపులు, మోటార్ల దుకాణం. వయసు నలభై మూడు. ఇతను నాకు బాగా తెలుసు. రోజూ పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనబడుతుంటాడు. సిగ్గు కొద్దీ ఇక్కడ పరాయివాడిలా రాస్తున్నాను, అంతే.

మొన్నొక రోజు మొగుడంపల్లి నుంచి ఒక రైతు అల్లం తోటకు పైపు జాయింటు కోసం వీరేశ్ దగ్గరికి వచ్చాడు. వీరేశ్ జాయింటు చేతిలో పట్టుకుని, వీసీఆర్‌లో బొమ్మ మీద గీతలు పడితే తిప్పే ట్రాకింగ్ బటన్ ఎలా పనిచేసేదో చెప్పడం మొదలుపెట్టాడు. “సేటు, గా జాయింటు ఇయ్యుండ్రి, బస్సు పోతది,” అన్నాడు రైతు. బస్సు పోయింది. దాని తర్వాతి బస్సూ పోయింది. పోతే పోనివ్వండి! మొగుడంపల్లి మండలం మొత్తంలో ట్రాకింగ్ బటన్ గురించి సమగ్రంగా తెలిసిన రైతు ఇవాళ ఆయనొక్కడే. ఇది సమాజసేవ కాదా?

బడి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో నూట పన్నెండు మంది ఉండేవాళ్లు. వీరేశ్ వాయిస్ మెసేజ్‌లు పెట్టడం మొదలుపెట్టాక తొమ్మిదిమంది మిగిలారు. వాళ్లలో ఐదుగురు గ్రూపును మ్యూట్ చేశారు, ఇద్దరి ఫోన్లు పోయాయి. అయినా వీరేశ్ వెనక్కి తగ్గలేదు.

ఇంతకీ వీరేశ్ చిన్నతనమంతా ఒకే ఒక్క క్యాసెట్‌లో ఉంది.

వాళ్ల నాన్న సదాశివ బొంబాయి రూట్లో లారీ నడిపేవాడు. ఒకసారి అక్కణ్నుంచి దుప్పట్లో చుట్టి ఒక వీసీఆర్ తెచ్చాడు. పదకొండేళ్ల వీరేశ్ ఒక శనివారం సాయంత్రం టీవీలో వచ్చిన కుటుంబ కథాచిత్రాన్ని దాంతో రికార్డ్ చేశాడు. ఆ తర్వాత పదేళ్లపాటు పండగొచ్చినా, చుట్టాలొచ్చినా, కేబుల్ తెగినా ఆ ఇంట్లో అదే సినిమా. నాన్న పోయి చాలా ఏళ్లయింది. వీసీఆర్ అంతకంటే ముందే పోయింది. సినిమా మాత్రం వీరేశ్ నోట్లో రోజూ ఆడుతూనే ఉంది.

సినిమా పేరేమిటంటారా? ఎవరికీ తెలియదు! టైటిల్స్ పడేసరికి వీరేశ్ ఇంకా వెనక వైర్లు గుచ్చుతున్నాడు. అందుకని ఇంట్లో అందరూ దాన్ని ‘గోడ సినిమా’ అనేవాళ్లు. ఇద్దరు అన్నదమ్ములు. ఇంటి మధ్యలో గోడ. ఆ గోడకు ఆనుకుని కూర్చుని అన్నం మానేసిన తల్లి. నలభయ్యో నిమిషంలో గాలికి యాంటెనా బీదర్ వైపు తిరిగింది కాబట్టి అక్కడ ఐదు నిమిషాలు కన్నడ వార్తలు. ఆ వార్తలు వీరేశ్‌కు ఇప్పటికీ కంఠతా వచ్చు. మధ్యమధ్యలో సబ్బులు, పళ్లపొడులు. చివరికి పెద్దన్న గడ్డపార ఎత్తి గోడ మీదికి వస్తాడు… ఠప్పున కరెంటు పోయింది!

వీసీఆర్ ఆగిపోయింది. ఆ పైన క్యాసెట్‌లో పాత రికార్డింగు నాలుగు నిమిషాలు చెరగకుండా మిగిలింది. అది వీరేశ్ మేనమామ మాణిక్ పెళ్లి వీడియో. అందుచేత పెద్దన్న గడ్డపార ఎత్తగానే రాయికోడ్‌లో జరిగిన ఆ పెళ్లి భోజనాల పంక్తి ప్రత్యక్షమయ్యేది. వీరేశ్‌కు ఏ అనుమానమూ రాలేదు. గోడ కూలింది, అందరూ కూర్చుని భోంచేస్తున్నారు. ఇంతకంటే గొప్ప క్లైమాక్స్ తీసే దర్శకుడు ఉన్నాడా చెప్పండి!

పెళ్లి క్యాసెట్ మీద సినిమా ఎలా ఎక్కిందని మీరడగాలి. అడగండి! ఈ ప్రశ్న కోసమే వీరేశ్ బతుకుతున్నాడు. పెళ్లి క్యాసెట్ పొరపాటున చెరిగిపోకుండా వీడియోవాళ్లు దాని వీపున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను విరిచేసి ఇచ్చేవాళ్లు. అది లేకపోతే రికార్డ్ బటన్ దిగదు. మరి మన పదకొండేళ్ల మేధావి ఏం చేశాడు? ఆ కన్నం మీద సెల్లోటేపు అతికించాడు! బటన్ దిగింది! ఊళ్లో అంత పెద్ద ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉండి కూడా ఇలాంటి బుర్రను ఇంటికొచ్చి పిలవలేదంటే నష్టం ఎవరికి?

ఈ కథ వీరేశ్ తన పెళ్లిచూపుల్లో చెప్పాడు. కూతురు కావ్య బారసాలలో చెప్పాడు. బ్యాంకు మేనేజరుకు చెప్పాడు. ఇంట్లో చెప్పినప్పుడల్లా వాళ్లమ్మ శివమ్మ పక్కనే కూర్చుని, తల వంచుకుని ఆకుకూర గిల్లుకుంటూ వినేది. కొడుకు తెలివికి తల్లి మురిసిపోతోందని వీరేశ్ అనుకునేవాడు.

ఎందుకంటే ఆ సినిమా శివమ్మకు ప్రాణం. దీనికి వీరేశ్ దగ్గర తిరుగులేని సాక్ష్యాలున్నాయి. మిగతావాళ్లు మధ్యలో లేచి మంచినీళ్లకు పోయేవాళ్లు, ఆమె పోయేది కాదు. కన్నడ వార్తలొచ్చినా కదిలేది కాదు. గడ్డపార సీను కాగానే ఎవరైనా టీవీ ఆపబోతే, “ఆపకుండ్రి, ఇంక అయిపోలే,” అనేది. వీసీఆర్ చెడిపోయాక ఆ క్యాసెట్‌ను తన బీరువాలో పట్టుచీరల మధ్య దాచుకుంది. ఒక సినిమాను ఇంతగా ప్రేమించిన ప్రేక్షకురాలు దేశంలో ఇంకెవరున్నారు?

మొన్న పోయిన నెలలో శివమ్మకు కంటి ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక ఆమె దవాఖాన గోడ మీది క్యాలెండర్ చదివి నవ్వింది. అప్పుడే వీరేశ్‌కు ఆలోచన తట్టింది. పాపం, అమ్మ ఇంతకాలం క్లైమాక్స్ లేని సినిమా చూసింది. కొత్త కళ్లతో ఒక్కసారైనా మొత్తం సినిమా చూపించాలి. వీరేశ్ జీవితంలో ఇంత ఉదాత్తమైన ఆశయం ఇంకోటి లేదు.

క్యాసెట్ తీసుకుని బస్టాండ్ దగ్గర ఫోటో స్టూడియో నడిపే నాగరాజ్ దగ్గరికి పోయాడు. వారం తర్వాత నాగరాజ్ పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు.

“అన్నా, చెత్త మొత్తం సాఫ్ జేసిన. అడ్వటైజులు తీసేసిన, కన్నడ వార్తలు తీసేసిన. ఎనుక ఎవరిదో పెండ్లి ఉండె, అది గూడ తీసేసిన. హీరో ఫొటో పెట్టి ఎతికితె లాస్టు సీన్లు నెట్ల దొరికినయి, తెచ్చి అతికిచ్చిన. ఇగ ఫుల్ సినిమా!”

ఆ మాట విన్నప్పుడైనా వీరేశ్ గుండె కలుక్కుమనాలి కదా? అనలేదు. నాగరాజ్‌ను గట్టిగా కావలించుకున్నాడు!

ఆదివారం మధ్యాహ్నం ప్రదర్శన. యాభై అయిదు అంగుళాల టీవీ. భార్య అనిత శనగ గుడాలు చేసింది. పదో తరగతి చదివే కావ్యను వైఫై పాస్‌వర్డ్ మారుస్తానని బెదిరించి కూర్చోబెట్టాడు. శివమ్మ కొత్త కళ్లజోడు పెట్టుకుని టీవీకి ఎదురుగా కుర్చీ జరుపుకుంది.

బొమ్మ అద్దంలా ఉంది. ఎంతగా అంటే, ఆ గోడ నిజానికి రంగేసిన గుడ్డ అని, పెద్దన్న భుజం తగిలినప్పుడల్లా ఊగుతోందని తెలిసిపోయింది. నలభయ్యో నిమిషంలో వెలితిగా అనిపించి వీరేశ్ తనే లేచి కన్నడ వార్తలు చదివాడు. “మీరు కూసుంటరా జర?” అంది అనిత. కూర్చున్నాడు. చివరికి గడ్డపార లేచింది. వీరేశ్ కుర్చీ అంచుకు జరిగాడు. ముప్ఫై రెండేళ్ల నిరీక్షణ! పోలీసులొచ్చి గడ్డపార లాక్కున్నారు. తర్వాత కోర్టు. జడ్జిగారు పావుగంట ఉపన్యాసం ఇచ్చారు. అందరూ వరసగా నిలబడి నవ్వారు. శుభం.

“డాడీ, నీ ఫేవరెట్ ఇదేనా?” అంది కావ్య. ఆ గొంతులో వెక్కిరింత కూడా లేదు, జాలి ఉంది.

వీరేశ్ పట్టించుకోలేదు. సన్మానం అందుకోబోయేవాడిలా అమ్మ వైపు తిరిగాడు. శివమ్మ ఇంకా టీవీ వైపే చూస్తోంది.

“ఇంక రాదా?” అంది.

“అయిపోయిందమ్మా. ఈసారి మొత్తం వచ్చింది.”

“మరి పెండ్లేది?”

“ఏం పెండ్లి?”

“మాణిక్ పెండ్లిరా. లాస్టుకు వస్తుండె గదా.”

“అది తీసేసిండమ్మా నాగరాజ్. అది సినిమా కాదు గదా.”

శివమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. “గదొక్కటే గదరా నేను చూసేది,” అంది.

వీరేశ్‌కు మొదట అర్థం కాలేదు. “మరి సినిమా? నీకు ఇష్టం గదా?”

“నాకెప్పుడు నచ్చింది గా సినిమా? గోడకు ఆనుకొని ఎంతసేపు ఏడుస్తదిరా ఆమె! ఎప్పుడైపోతదా అని కూసుంటుంటి.”

పదేళ్లపాటు, వందసార్లు, రెండున్నర గంటలు. నాలుగు నిమిషాల కోసం! వీరేశ్ బండి తీసి నాగరాజ్ ఇంటికి పోయి, అన్నం తింటున్నవాణ్ని చెయ్యి కడిగించి స్టూడియోకు తీసుకుపోయాడు. “ఫికర్ జెయ్యకన్నా, అసలు ఫైలు డిలీట్ చెయ్యలే,” అన్నాడు నాగరాజ్. ఆ ఫైలు కాపీ అయ్యేంతసేపు వీరేశ్ ఒక్క జ్ఞాపకం కూడా చెప్పలేదు. నాగరాజ్ కంగారుపడి, ఒంట్లో బాగుందా అని అడిగాడు.

మళ్లీ అందరూ కూర్చున్నారు. ఈసారి కావ్యను ఎవరూ బెదిరించలేదు.

రాయికోడ్. భోజనాల పంక్తి. బాసింగంతో మాణిక్. ముప్ఫై దాటని శివమ్మ గంటె పట్టుకుని వడ్డిస్తోంది. అవన్నీ వీరేశ్ వందసార్లు చూసినవే. మూడో నిమిషంలో ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకామె పళ్లెం పట్టుకుని, కెమెరాకు వీపు చూపిస్తూ లోపలికి పోయింది. రెండే రెండు సెకన్లు.

“ఆపు బిడ్డా, ఆపు! గామె మా అవ్వ,” అంది శివమ్మ. “నడుస్తున్నది చూడు. కుడికాలు జర ఈడ్చుతుండె.”

అంటే శివమ్మ తల్లి, వీరేశ్ అమ్మమ్మ. కొడుకు పెళ్లయిన ఏడాదికే పోయింది. ఇంట్లో ఆమె ఫోటోలున్నాయి కానీ ఫోటోలో ఎవరూ నడవరు. కావ్య ఆ రెండు సెకన్లనూ వెనక్కి తిప్పి పదకొండుసార్లు వేసింది. నానమ్మ పదకొండుసార్లూ మొదటిసారి లాగానే చూసింది.

“ముఖం కనబడదా అమ్మా ఎక్కడా?” అన్నాడు వీరేశ్.

“ముఖం ముందల ఉండె. అరుగు మీద కూసొని హారతి పాట పాడింది, మొత్తం తీసిన్రు. అవ్వ పోయినంక చూసుకుందామని మాణిక్ దగ్గర క్యాసెట్ అడిగి తెచ్చుకున్న. ఒక్కసారి చూసిన. ఇగ తర్వాత నువ్వు సినిమా ఎక్కిచ్చినవు గదా.”

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. వాన పడింది, బట్టలు తడిసినయి అన్నట్టు అంది. కోపంగా అని ఉంటే వీరేశ్‌కు కొంత బాగుండేది.

“మాణిక్ మామ అడగలేదా మరి?”

“అడగకుంటడా? మిషన్‌ల ఇరికి ఖరాబైంది, నేనే జేసిన అని చెప్పిన. రెండేండ్లు మాట్లాడలే నాతోని, ఇంటికి గూడ రాలే.”

“నాకెందుకు చెప్పలే?”

“ఏం చెప్పాలె? గంత మురుసుకుంట చెప్తుంటివి అందరికి.”

అయ్యా, ఇదీ మన వీరేశ్ ఇంజనీరింగు. సొంత అమ్మమ్మ గొంతు మీద సినిమా ఎక్కించి, ఆ ఘనకార్యాన్ని ముప్ఫై రెండేళ్లు ఊరంతా చెప్పుకున్నాడు. అదీ ఎవరి పక్కన కూర్చుని? నలభై మూడేళ్లు వచ్చినా వాళ్లమ్మను ఆమె చిన్నతనం గురించి ఒక్క ముక్క అడిగిన పాపాన పోలేదు. అడిగే తీరిక ఏదీ? చెప్పాల్సినవన్నీ అతని దగ్గరే ఉండిపోయాయి!

సిగ్గుతో తల ఎత్తలేక, ఎత్తకుండానే అడిగాడు. “ఏం పాటమ్మా అది? నీకొస్తదా?”

శివమ్మ అతని వైపు కాస్త వింతగా చూసింది. కావ్య ఫోన్ తీసి రికార్డింగ్ పెట్టి నానమ్మ ముందు పట్టుకుంది. శివమ్మ గొంతు సవరించుకుని, సన్నగా రెండు చరణాలు పాడింది. మూడోది అందుకోబోయి ఆగింది. మళ్లీ మొదటినుంచి పాడుతూ వచ్చింది. మళ్లీ అక్కడే ఆగింది. పెదవులు కాసేపు కదిలాయి.

“ఇంక యాదికొస్తలేదు బిడ్డా,” అంది. “గా క్యాసెట్ల ఉండె.”