బోర్లా పడుకున్న వాకింగు

రోజూ ముప్పావుగంట నడవకపోతే మీ గుండెకి పూచీ నాది కాదని డాక్టరు చెప్పినప్పటి నుంచి, గడియారాలు బాగుచేసే ఆ పెద్దమనిషి తెల్లవారగానే చెరువు దగ్గరికి వెళ్తున్నాడు. వెళ్ళడం ఒక్కరోజూ తప్పలేదు. నడవడమే ఇంకా మొదలు కాలేదు.

కారణం కెమెరా. స్టూడియో మిత్రుడు మూలపడేసిన దాన్ని, నాలుగు రోజుల్లో ఇచ్చేస్తానని తెచ్చుకున్నాడు. అంతకుముందోరోజు చెరువుగట్టున షూ లేసు ఊడింది. వంగబోతే పొట్ట ఒప్పుకోలేదు. కూర్చోబోతే ప్యాంటు ఒప్పుకోలేదు. చివరికి గడ్డిలో బోర్లా పడుకుని లేసు సంగతే మరిచిపోయాడు. ఎదురుగా చెరువు సముద్రమైపోయింది. కంకరకుప్ప పర్వతమైపోయింది. గడ్డిపరక చివర మంచుబొట్టులో అవతలిగట్టు తలకిందులుగా వేలాడుతోంది.

'ఇన్నేళ్ళూ ఇదంతా నా మోకాలి కిందే ఉందా!' అనుకున్నాడు. మర్నాటి నుంచి చేతిసంచిలో మంచినీళ్ళ సీసా పోయి కెమెరా వచ్చింది.

ఇంట్లో ఆవిడ టైలరమ్మ. గుడ్డ చూసి మనిషిని, మనిషిని చూసి అబద్ధాన్ని కొలవగలదు.

"ఏమండీ, నడిస్తే కాళ్ళకి కదా మట్టి అంటాలి. మీకు పొట్టకంటిందేం?"

"నాకు అన్నిటికంటే ముందుండేది అదే కదోయ్!"

"వీపున చెమట చుక్క లేదు."

"చల్లగాలి."

"మోచేతులు పచ్చగా ఉన్నాయి."

"పచ్చటి ప్రకృతి!"

"ఇంతకీ మీరు నడుస్తున్నారా, పాకుతున్నారా?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని స్నానాలగదిలోకి దూరి గడియ పెట్టుకున్నాడు.

ఆవిడ కంటే మొండిది చెరువు మీది వెలుగు. మొదట బూడిదరంగు. తరవాత పావురం మెడ రంగు. తరవాత సరిగ్గా మూడు నిమిషాలు తేనెరంగు. ఆపైన సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోతుంది. ఆయనకి ఆ మూడు నిమిషాలే కావాలి. మొదటిరోజు మబ్బు పట్టింది. రెండోరోజు లెన్సు మూత తీయడం మరిచాడు. మూడోరోజు ఎదురుచూస్తూ గడ్డిలోనే నిద్రపోయాడు.

నాలుగోరోజు అన్నీ కుదిరాయి. చెంప నేలకానించి, చెయ్యి వణక్కుండా ఊపిరి బిగబట్టాడు. తేనెరంగు మొదలైంది.

అప్పుడే అలారం తాతగారు అటుగా వచ్చారు. ఆయన దగ్గుకి వీధంతా లేస్తుంది కాబట్టి ఆ పేరు. "ఓ గడియారాలాయనా!" అన్నారు. పలకలేదు. కర్రతో పొడిచారు. కదలలేదు.

"ఊపిరాగిపోయిందర్రోయ్!"

నడిచేవాళ్ళు పరిగెత్తారు. పరిగెత్తేవాళ్ళు ఆగారు. నలుగురు కలిసి ఆయన్ని వెల్లకిలా తిప్పారు. ఒకాయన ముఖాన నీళ్ళు కొట్టాడు. ఇంకొకాయన అంబులెన్సుకి, మరొకాయన టైలరమ్మకి ఫోను చేశారు.

"వెలుగు... వెలుగు పోతోంది!" అని గిలగిల్లాడాడు మన మనిషి.

"అయ్యయ్యో, చూపు పోతోందట!"

"నన్ను వదలండయ్యా! బోర్లా పడుకోనివ్వండి!"

"మతి కూడా పోతోంది. గట్టిగా పట్టుకోండి."

టైలరమ్మ వచ్చేసింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. కాళ్ళకి చెప్పుల్లేవు. మోకాళ్ళ మీద కూలబడి ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టింది. గుండె కొట్టుకుంటోందా అని చెవి కూడా ఆనించింది. అది చూసి ఆయనకి ఫోటో పోయిందన్న బాధ కాస్తా సిగ్గుగా మారిపోయింది.

"నాకేం కాలేదోయ్," అన్నాడు చిన్నగా. "ఫోటో తీస్తున్నాను."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. కెమెరా చూసింది. పొట్టమీది మట్టి చూసింది.

"బాబాయిగారూ, కంగారుపడకండి," అంది తాతగారితో. "ఈయన వాకింగు ఇలాగే ఉంటుంది."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"అసలక్కడ ఏం కనిపిస్తుందని పడుకున్నారు?"

"చెప్తే తెలీదు. పడుకుని చూడు."

తిడుతుందనుకున్నాడు. ఆవిడ కొంగు దోపుకుని పడుకుంది. ఒక నిమిషమైంది. రెండు నిమిషాలైంది. గడ్డిలోకి ఇంకాస్త ముందుకి జరిగింది.

"ఏమండీ, ఈ బొట్టులో మొత్తం చెరువుందండీ! ఈ చీమ అడవిలో నడుస్తున్నట్టుంది!"

"చెప్పానా! అదిగో, సూర్యుడికి ఎదురుగా పెట్టి..."

"ఎదురుగా ఎందుకండీ? నల్లగుడ్డ కుట్టేటప్పుడు దీపం పక్కనుంచి పెట్టుకుంటేనే నేత కనపడేది." పక్కకి దొర్లి, ఆయన చేతిలోంచి కెమెరా లాక్కుని, నొక్కింది.

గడియారాలాయన కెమెరా తెరని కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. గడ్డిలో ప్రతి పరకకీ విడిగా ఒక అంచు, ఒక నీడ.

"నన్నోసారి చూడనీ అమ్మాయ్," అంటూ తాతగారు కర్ర పక్కన పెట్టి బోర్లా పడుకున్నారు. ఆయన వెనక నీళ్ళు కొట్టినాయన. ఆ వెనక ఫోన్లు చేసినవాళ్ళు. గట్టు పొడుగునా మనుషులు.

అంబులెన్సు వచ్చింది అప్పుడే. దిగిన నర్సమ్మ గుండె పట్టుకుంది. "ఒక్కరన్నారు... ఏడుగురా!"

చివరికి అసలు రోగిని పట్టుకుని బీపీ చూసింది. "రోజూ ముప్పావుగంట నడుస్తున్నారా?"

"నడుస్తా..." అని నసిగాడాయన.

"రేపటి నుంచి నడుస్తారు," అంది టైలరమ్మ, కంటికి ఆనించిన కెమెరా దించకుండానే.

ఇప్పుడు ఇద్దరూ కలిసే వెళ్తున్నారు. స్టూడియో మిత్రుడికి ఫోను చేసి మరో నెల గడువు ఆవిడే అడిగింది. ఆయన చెరువు చుట్టూ తిరుగుతాడు. తిరిగి తిరిగి చెమటలు కక్కుతూ వచ్చి, ఆవిడ పక్కన ఆశగా నిలబడతాడు.

"ఒక్కటి... ఒక్కటే నేను తీస్తానోయ్."

"కదలకండి! ఈ ఆకుమీద ఎండ మరీ ఎక్కువగా ఉంది, మీ పొట్ట నీడ సరిగ్గా సరిపోయింది. ఊపిరి కూడా బిగబట్టండి."

ఆయన బిగబట్టాడు.