భర్త ప్రమాదం కిందికి రాడు

పెళ్ళి హెచ్‌ఐవీని అడ్డుకుంటుంది. ఈ మాట అన్నది మా న్యాంగిరి తీరంలో ఆదివారాలు మైకు పట్టుకునే పాస్టరు కాదు. సరస్సు ఒడ్డున నీలం రేకుల కప్పు కింద పనిచేసే పరిశోధనా కేంద్రంవారు, తమ ప్రమాద నిర్ధారణ విభాగం ద్వారా, అధికారికంగా తేల్చిన విషయం. (పాస్టరు కూడా ఇదే చెబుతాడు గానీ ఆయన దగ్గర కంప్యూటరు లేదు.)

నేను ఆ కేంద్రానికి సమాజ సలహా మండలి సభ్యుణ్ణి. వలలు అమ్ముకునేవాడికి అంత పదవి ఎలా వచ్చిందంటే, ఎన్నిక నాడు వాన కురుస్తోంది, నా కొట్టు కేంద్రానికి దగ్గర. మండలి పని సలహా ఇవ్వడం. కేంద్రం పని ఆ సలహా విని ‘గమనించాము’ అనడం. ఇరుపక్షాలూ ఇప్పటిదాకా తమ పని ఏ లోటూ లేకుండా చేస్తూ వచ్చాయి. మధ్యలో టీ, నూనెలో వేయించిన వేడి మండాజీలు ఇస్తారు. మండాజీల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

కొన్నేళ్ళ కింద ఈ కేంద్రంలో ఒక ఇంజెక్షన్‌ని పరీక్షించారు. ఆర్నెల్లకోసారి పొట్టలో పొడిపించుకుంటే జబ్బు అంటకుండా ఉంటుందా లేదా అన్నది తేలాలి. తేలాలంటే పొట్టలు కావాలి. పిల్లలు పుట్టరట, ఒంటి మీద నల్లమచ్చలు పడతాయట అని తీరమంతా గుసగుసలు. అప్పుడు అందరికంటే ముందు వెళ్ళి బల్ల మీద పడుకున్నది అపియో. ఒమేనా చేపలు, అంటే వేలెడంత ఉండే చిన్న చేపలు, ఇసుకలో వల పరిచి ఎండబెట్టి అమ్ముకునే మనిషి. మొదటి మొగుడు ఆ జబ్బుతోనే పోయాడు. తనకు మాత్రం అంటలేదు. ఆయన ఒంటికి తనే స్నానం చేయించి సాగనంపింది. ‘ఆ గొయ్యి ఒకసారి చూశాను, ఇంకోసారి చూడను’ అనేది. మిగతా ఆడవాళ్ళని కూడా ఆవిడే ఇంటింటికీ తిరిగి లాక్కొచ్చింది.

ఇంజెక్షన్ పనిచేసింది. మేకని కోశారు, ఉపన్యాసాలయ్యాయి. గోడ మీద అపియో ఫొటో కూడా పెట్టారు. గోప్యత కాపాడాలి కాబట్టి మొహం లేకుండా, చెయ్యి మాత్రం. చేపల కత్తికి చూపుడువేలి కొస తెగిపోయిన ఆ చెయ్యి సరస్సు చుట్టూ ఎవరికి తెలియదు? అయినా గోప్యతకు ఎలాంటి భంగమూ కలగలేదని కేంద్రం ప్రకటించింది.

ఇక మందు అందరికీ ఇస్తారనుకున్నాం. మేము అమాయకులం. మందు తక్కువ వచ్చింది, కాబట్టి ప్రమాదం ఎక్కువ ఉన్నవారికే ముందు. ఎవరికెంత ప్రమాదమో మార్కులేసి తేలుస్తారు. విధవ అయితే ఇన్ని, పడవవాళ్ళని మంచి చేసుకుని చేపలు కొనుక్కునేదైతే ఇన్ని, తోడు లేకపోతే ఇన్ని. పరీక్ష జరిగిన రోజుల్లో అపియోకి అన్నిట్లోనూ ఫస్టు క్లాసు. తర్వాత ఆవిడ ఒక పొరపాటు చేసింది. ఓడువోల్‌ని పెళ్ళి చేసుకుంది. కన్యాశుల్కం కింద ఆవిడ పుట్టింటికి ఆవులు వెళ్ళాయి, చర్చిలో ఉంగరం తొడిగారు. అలా తొడిగిన వేలికి మార్కులన్నీ సున్నా అయిపోయాయి.

ఓడువోల్ చెడ్డవాడని నేననను. ఒమేనా పట్టేవాళ్ళ బతుకే అంత. చంద్రుడు లేని రోజుల్లో దీపాలు వెలిగిస్తేనే ఆ చేప పైకి వస్తుంది. కాబట్టి చీకటి పక్షమంతా మగవాళ్ళు సుకూరి దీవిలో మకాం. వెన్నెల పెరిగితే దీపానికి పని లేదు, ఇళ్ళకొస్తారు. మొగుడు ఎప్పుడొస్తాడో మా ఆడవాళ్ళు ఆకాశం చూసి చెప్పేస్తారు. దీవిలో పడవవాళ్ళకి ఉగాలీ, అంటే మొక్కజొన్నపిండి ముద్ద, వండిపెట్టే నెకేసా అనే ఆవిడ ఉంది. ఓడువోల్‌కి ఆవిడ వంట ఒక్కటే పెట్టదన్న సంగతి అపియోకి తెలుసు, నాకు తెలుసు, సరస్సులో చేపలకి కూడా తెలుసు. అపియో తొడుగు వాడమంటే, ‘సొంతింట్లో ఎవడైనా చెప్పులేసుకుని పడుకుంటాడా’ అన్నాడట.

చంద్రుడు సన్నగా కనబడిన రోజున అపియో నన్ను వెంటబెట్టుకుని కేంద్రానికి వెళ్ళింది. ప్రమాద నిర్ధారణాధికారి బరాసా గారు మహా మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు. ఆయన తల వెనకాల గోడ మీద అపియో చెయ్యి. ఆయన కిటికీకి ఎదురుగా చికిత్స గది ఉంది, జబ్బు వచ్చినవాళ్ళకి రోజూ వేసుకునే మాత్రలు ఇచ్చే గది. దాని తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అక్కడ మార్కుల గొడవ లేదు.

బరాసా గారు కంప్యూటర్లో మూడుసార్లు నొక్కి చూసి, మీకు పెళ్ళైంది కదమ్మా, శుభాకాంక్షలు అన్నాడు.

‘‘అదే సార్ నా బాధ. నాకున్న ప్రమాదమల్లా మా ఆయనే’’ అంది అపియో.

‘‘భర్త ప్రమాదం కిందికి రాడమ్మా. కుటుంబం కిందికి వస్తాడు.’’

విడాకులు తీసుకుంటే వస్తాడా అని నేను అడిగాను. వస్తాడట. అయితే మా లువో తెగవాళ్ళలో ఆవులు వెనక్కి వెళితేనే పెళ్ళి తెగినట్టు లెక్క కాబట్టి, పెద్దల సమక్షంలో ఆవులు తిరిగిరావడం కేంద్రం ప్రతినిధి కళ్ళారా చూడాలట. (కేంద్రం స్థానిక ఆచారాలను ఎంతో గౌరవిస్తుంది.) ఆ ఆవుల్లో ఒకదాన్ని అపియో పెళ్ళికే కోసుకు తిన్నాం. నేనూ తిన్నాను. అంచేత ఆ దారి మూసుకుపోయింది.

అపియో ఊరికే కూర్చునే రకం కాదు. మర్నాడు చేపల పడవెక్కి సుకూరి వెళ్ళింది, సాయంత్రానికి వచ్చింది. జుట్లు పట్టుకుని ఉంటారని మేమంతా ఎదురుచూశాం. అలాంటిదేం లేదు. నెకేసా ఆవిడకి వేయించిన చేప పెట్టి, తన పొట్ట మీద ఇంజెక్షన్ గడ్డ చూపించిందట. కేంద్రం పడవ దీవికి వచ్చినప్పుడే పొడిపించుకుంది. పెళ్ళి లేదు కాబట్టి కొన్ని మార్కులు, మీ మనిషికి ఇంకో ఆడదానితో సంబంధం ఉందా అంటే ఉందని చెప్పింది కాబట్టి పూర్తి మార్కులు.

‘‘ఆ ఇంకో ఆడది ఎవరనుకున్నావ్ బాబాయ్? నేనే. నా ఇంట్లో నేను తలుపేసుకుని పడుంటే, దీవిలో దానికి నేను ప్రమాదమట’’ అంది అపియో. తొడుగు సంగతి నెకేసాని అడిగితే, ఆవిడకీ అదే జవాబు చెప్పాడట. అదీ సొంతిల్లేనట.

మళ్ళీ బరాసా గారి కుర్చీలు. నేను ఆమెకి ప్రమాదమైతే ఆమె నాకు ప్రమాదం కాదా సార్ అని అపియో తిన్నగా అడిగింది. ఆయన మళ్ళీ కంప్యూటర్లో నొక్కి చూశాడు. తర్వాత ఆయన మొహం వికసించింది. ఆమె ఇంజెక్షన్ వేయించుకుంది కాబట్టి ఆమెకి రాదు, ఆమెకి రాదు కాబట్టి ఆమె నుంచి మీకు రాదు, ఒక రకంగా మీరు వేయించుకున్నట్టేనమ్మా అన్నాడు. ఒమేనా ఒక్క దీవి దగ్గరే ఉంటుందా సార్, అది వెళ్ళిన దీవికల్లా మా ఆయనా వెళ్తాడు అంది అపియో. చేపల కదలికలు తమ విభాగం కిందికి రావని ఆయన విచారం వెలిబుచ్చాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మండలి సమావేశంలో లేచి నిలబడి, పెళ్ళాలకి కూడా మార్కులు వేయండయ్యా, ఈ మందు పనిచేస్తుందని మీకు తెలిసిందే ఆ పిల్ల పొట్ట వల్ల అని అరిచాను. గమనించాము అన్నారు. మండాజీలు వచ్చాయి. ముట్టుకోలేదు.

ఆశ్చర్యమేమిటంటే, నిజంగానే గమనించారు. మండలి చరిత్రలో మొదటిసారి ఒక సలహా ఆచరణలోకి వచ్చింది. ఆ తర్వాతి చీకటి పక్షం ముగిసేసరికి బరాసా గారు మమ్మల్ని పిలిపించి కొత్త పరిశోధన ప్రకటించాడు. పెళ్ళైన స్త్రీలకు ప్రమాదం ఉందా లేదా అన్నది శాస్త్రీయంగా తేలుస్తారు. గోడ మీద అపియో చెయ్యి తీసేసి కొత్త చెయ్యి పెట్టారు, ఉంగరంతో. ఆ పరిశోధనలో చేరడానికి అపియోకి అన్ని అర్హతలూ ఉన్నాయట.

అపియో మొహంలో వెలుగు నేను చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

‘‘అయితే ఇంజెక్షన్ ఇస్తారా సార్?’’

ఇంజెక్షన్ ఇస్తే ప్రమాదం ఉన్నదీ లేనిదీ తెలియదు కదమ్మా అని ఆయన ఓపిగ్గా వివరించాడు. ఇందులో మందు లేదు. మూణ్ణెల్లకోసారి రక్తం తీసి చూస్తారు, అంతే. అపియో పక్క కిటికీలోంచి సరస్సు వైపు చూసింది. పడవలు తిరిగొస్తున్నాయి.

‘‘జబ్బు రాకపోతే?’’

‘‘చాలా సంతోషం. పెళ్ళి కాపాడుతుందని రుజువవుతుంది.’’

‘‘వస్తే?’’

‘‘మీకు ప్రమాదం ఉందని రుజువవుతుంది. అప్పుడిక ఎవరూ కాదనలేరు. ఇంజెక్షన్‌కి పూర్తి మార్కులు.’’

‘‘వచ్చాక అదెందుకు సార్ నాకు?’’

బరాసా గారు ఈ ప్రశ్నకు కూడా సిద్ధంగానే ఉన్నాడు. లేచి, ఎంతో మర్యాదగా, కిటికీలోంచి ఎదురు గది చూపించాడు. తలుపు తెరిచే ఉంది.