మంత్రకోనలో గెట్టు తగాదా

లోకంలో దొంగలు ఎందరున్నా పెద్దులంత ఓపికగల దొంగ ఇంకొకడు ఉండడని సీతారాములుకు గట్టి నమ్మకం. పెద్దులు ఆయనకు పెద్దనాయిన కొడుకు. ఇద్దరి చేన్లకు నడుమ ఒకటే గెట్టు. ఏటా దుక్కుల కాలంలో పెద్దులు ఆ గెట్టును జానెడు ఇటు జరుపుతాడు. అట్లా పదిహేనేండ్లలో మూడు గుంటల భూమి మింగాడు. తేన్పు కూడా రాలేదు.

"ఆరో తరగతిల బడి బందువెట్టిన. గందుకే గీ మోసం నా నెత్తిన వడ్డది" అని సీతారాములు రోజూ కంచం ముందు తిట్టేవాడు.

"సదువుకున్నోళ్ల గెట్లు జరగయా? జర తిను, సల్లగైతాంది" అని భార్య లీలమ్మ చారు పోసేది.

అట్లాంటి ఇంట్లోకి మంత్రకోన వచ్చింది.

కూతురు హరిత హైదరాబాద్‌లో ఫోన్ ఆటలు తయారుచేసే కంపెనీలో పనిచేస్తుంది. మంత్రకోన అనేది ఇంకా విడుదల కాని ఆట. రాజులు, మాంత్రికులు, రెక్కలపాములు, వేలమంది ఒకేసారి ఆడుకునే మాయాలోకం. ముందుగా పల్లెటూరివాళ్ల చేత ఆడించి, ఎట్లా ఉందో అడిగి రమ్మన్నారట.

"ఆదివారం పగటి వరకే ఆట, బాపూ. అప్పటికి ఎవరి జాగా ఎంతుంటే, విడుదలైనంక సుత గది వాళ్లదే. మొదలు అందరికీ ఎకరన్నర ఇస్తరు. నీ పక్క జాగా మన ఊరోళ్లకే ఇచ్చిన."

"ఎవలకు?"

"పేరు చెప్పొద్దు. గని ఒక రూలు విను. రెక్కలపాము గుహ ఎవరి హద్దుల ఉంటే వాళ్ల మీదనే అది పడ్తది. దాన్ని సంపినోళ్లకు ఆ జాగా మొత్తం..."

"రూళ్లు నాకెందుకు బిడ్డా? హద్దురాయి యాడున్నదో చూపియ్యి."

తెర మీద సీతారాములు బక్కపలచని మాంత్రికుడయ్యాడు. గడ్డం మోకాళ్ల దాకా ఉంది. గెట్టు అవతల చేతిలో గొడ్డలితో, బర్రెకొమ్ముల్లాంటి మీసాలతో మీసాల భైరవుడు అనే రాక్షసుడు నిలబడ్డాడు. వచ్చీ రాగానే గోంగూర మడి వేసుకుంటున్నాడు.

సీతారాములు తొడ కొట్టాడు. "గా మీసం సూడు, గా గోంగూర సూడు. పెద్దులుగాడు గాక ఇంకెవడే!"

"అయి ఉండొచ్చు" అంది లీలమ్మ వంటింట్లోంచి.

ఆటలో హద్దురాయిని జరపవచ్చు. పక్కవాడు చూసి కేకేస్తే మాత్రం మళ్లీ పాత చోటికే పోతుంది. సీతారాములు మొదట భయపడుతూ జానెడు జరిపాడు. రాక్షసుడు మాట్లాడలేదు. మూరెడు జరిపాడు. రాక్షసుడు గొడ్డలి భుజాన వేసుకుని అడవిలోకి వేటకు పోయాడు. ఆ రోజు నుంచి సీతారాములు నడక మారింది. పాలవాడికి కూడా ఛాతీ విరిచి గిన్నె అందించాడు.

సాయంత్రం కాగానే కంపెనీకి తన అభిప్రాయం గొంతు సవరించుకుని ఫోన్లో మాట్లాడి పంపేవాడు. "సారూ, గుర్రం మంచిగున్నది. పొద్దంత ఉరికినా మేత అడుగుతలేదు. గిసొంటిది ఏ సంతల దొరుకుతదో జర చెప్పుండ్రి. మాంత్రికుని చేతుల మంట వస్తాంది, బాగుంది. గని మోటరు కాలితే బాగుజేసే మంత్రం లేకుంటే మా దిక్కు రైతులు ఆడరు."

"భోజనానికి రా!" అని లీలమ్మ పిలిచే వేళకు రాక్షసుడు కూడా ఆటలోంచి మాయమయ్యేవాడు.

"సూసినవా, పెద్దులుకు సుత ఆకలైనట్టుంది" అని సీతారాములు నవ్వేవాడు. లీలమ్మ కూడా నవ్వేది.

ఆదివారం పొద్దున చివరి ముక్క కూడా కలుపుకున్నాడు. గోంగూర మడి, వాగు, గుట్ట, గుట్ట కింద ఏదో గుహ. అంతా ఆయనదే. కండువా దులిపి భుజాన వేసుకుని హోటల్లో చాయ తాగుతున్న పెద్దులు ముందుకు పోయి నిలబడ్డాడు.

"ఎట్లున్నదే అన్నా, గుండెల్ల? గెట్టు జరుగుతాంటే సప్పుడు జెయ్యకుంట సూసుడు ఎట్లుంటదో ఎరికైందా?"

"ఏ గెట్టు తమ్మీ?"

"మంత్రకోనల గెట్టు! నీ గోంగూర మడి నాదైపాయె!"

పెద్దులు జేబులోంచి రబ్బరుబ్యాండు చుట్టిన బటన్ల ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. "గిండ్ల మాటే సరిగ్గ ఇనబడది. ఇగ మడి ఎక్కడేస్త? పానం బాగలేకుంటే దవాఖానకు పోదాం పా."

సీతారాములుకు చాయ వాసన కూడా తెలియలేదు. ఇంటికి ఉరికాడు.

లీలమ్మ పొయ్యి మీద గోంగూర కలుపుతోంది. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో ఫోన్. ఫోన్లో మీసాల భైరవుడు. వాడి కాలి కింద రెక్కలపాము చచ్చి పడి ఉంది. పక్కనే గడ్డం కాలిన మాంత్రికుడు బూడిదలో కూర్చున్నాడు.

"నువ్వానే?"

"నేనే. నీ బిడ్డ రూలు చెప్తాంటే నువ్వు ఇనలే, నేనిన్న. గుహ నీ దిక్కు వచ్చేదాక రాయి జరుపుకోనిచ్చిన. నువ్వు రాళ్లు మోసినన్ని దినాలు నేను వేటాడి బలం పెంచుకున్న. పాము నిన్ను కాల్చింది, నేను పామును కొట్టిన. ఒక్కటే దెబ్బ!"

"మొగుణ్ణని జర కనికరం లేదా?"

"పక్కోని గెట్టు జరిపినప్పుడు నీకున్నదా? ఫికర్ జెయ్యకు, కౌలుకిస్త. పంటల సగం నాకు."

ఆ పగటికి కంపెనీకి ఆయన ఆఖరి అభిప్రాయం పోయింది. "సారూ, ఆట మస్తుగున్నది. గని ఆలుమగలకు పక్కపక్క జాగాలియ్యకుండ్రి."

పెద్దులు పదిహేనేండ్లు కష్టపడి మింగింది మూడు గుంటలు. లీలమ్మ ఒక్క కూర ఉడికేలోపు తీసుకున్నది మూడెకరాలు.