జోగయ్య అనధికార అయ్యో

విపత్తులో నష్టపోయిన మనిషిని చూసి 'అయ్యో' అనే అధికారం ఎవరికి ఉంటుందన్న ప్రశ్నకు 2018 తుఫాను తర్వాత శ్రీకాకుళంలో శాశ్వత పరిష్కారం దొరికింది. నష్ట నిర్ధారణ విభాగం ఉత్తర్వు ప్రకారం సర్వే పూర్తయ్యాక సెక్షన్ అధికారి ఒకసారి 'అయ్యో' అనవచ్చు. 'అయ్యయ్యో'కు పైనుంచి అనుమతి రావాలి. ('ప్చ్' మాటా, చప్పుడా అన్నది తేలలేదు. తేలేదాకా సిబ్బంది దాంతో సర్దుకుంటున్నారు.)

గుమస్తా జోగయ్య రిటైర్మెంట్‌కు ఇంకా రెండేళ్లుంది. ఉత్తర్వు చదివి సంతకం కూడా పెట్టాడు. అయినా ఆ సోమవారం తవిటమ్మ అనే ముసలామె అర్జీ తీసుకుంటూ నోరు జారాడు.

"గోడ కూలిపోనాది బాబూ. ఆవు కిందుండిపోనాది. సూడితో ఉన్నాది."

"అయ్యో," అన్నాడు జోగయ్య.

సాయంత్రానికి మెమో వచ్చింది. 'అయ్యో' అన్న మాట వాస్తవమేనా? ఎవరి అనుమతితో? ఎంత సాగదీసి?

"ఏటయ్యా జోగయ్యా," అన్నాడు సెక్షన్ అధికారి పృథ్వీరాజ్. "నువ్వు అయ్యో అన్నావంటే గోడ కూలిందని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే కదా?"

"నిజంగానే కూలింది సార్. ఫోటో ఉంది."

"చూశాను. ఫోటోలో గోడ లేదు. లేని గోడ కూలిందని ఎలా రాస్తాం?"

నాలుగు రోజుల్లో తవిటమ్మ చేత 'నేను ఏ అయ్యో వినలేదు' అని వేలిముద్ర వేయించుకురావాలి. లేకపోతే సస్పెన్షన్.

జోగయ్య ఆమదాలవలస దాకా బస్సులోనూ, అక్కణ్ణుంచి ఆటోలోనూ వెళ్లాడు. తవిటమ్మ టార్పాలిన్ కింద పొయ్యి ఊదుతోంది.

"ఇనలేదని రాసీమంటావేటి? సెవులారా ఇన్నాను," అంది. "ఏడు ఆఫీసులు తిరిగినాను. నువ్వొక్కడివే అన్నావు. ఊరందరికీ సెప్పుకున్నాను."

"అది వెనక్కిచ్చీ మామ్మా. నా ఉద్యోగం పోతాది."

"ఆ మాటకే?"

"ఆ మాటకే."

ఆమె ఊదుగొట్టం పక్కన పెట్టింది.

"నా పేరు పరిహారం లిస్టులో ఉంటాదా మరి?"

"ఉంటాది మామ్మా." (అప్పటికి అతను పద్నాలుగో నిబంధన చదవలేదు. ఎవరూ చదవలేదు.)

"నువ్వూ రోడ్డున పడితే నాకేటొస్తాది? ఏదీ, ఎక్కడెయ్యాలి?" అని బొటనవేలు చాపింది.

మర్నాడు పృథ్వీరాజ్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. మెమో వెనక్కి తీసుకున్నాడు. తర్వాత నిబంధనల పుస్తకంలో పద్నాలుగో నిబంధన దగ్గర వేలు పెట్టాడు.

"నిజంగా నష్టపోయిన మనిషిని చూసి ఎవరూ అయ్యో అనకుండా ఉండరు. ఈమెను చూసి ఎవరూ అనలేదు. వేలిముద్ర వేసి ఆమే చెప్పింది. కాబట్టి నష్టం లేదు."

లిస్టులో తవిటమ్మ పేరు మీద గీత గీశాడు.

జోగయ్య నోరు తెరిచాడు. సెక్షన్‌లో నలుగురూ ఫైళ్ల మీంచి తలలెత్తి చూశారు. ఒకడు తెల్లకాగితం మీద తేదీ వేసి పెన్ను పట్టుకున్నాడు.

జోగయ్య నోరు మూసుకున్నాడు.

అతని సర్వీసు రిజిస్టరులో ఆ రోజు ఒక వాక్యం చేరింది: 'ప్రవర్తనలో మెరుగుదల కనబడుతున్నది.'