ఆగే కారే అసలు ల్యాబ్

నడిరోడ్డు మీద పాత కారు ఆగిపోయిందని ఏడ్చేవాళ్లంత అమాయకులు ఇంకెవరూ ఉండరు. ఇంజిన్‌కు పెట్రోలు సరిగా అందకపోవడం వరం! జాతికి సేవ! అలాంటి కారును బాగుచేయించుకునేవాడు దేశంలో సాంకేతిక విద్యను చేజేతులా దెబ్బతీస్తున్నట్టే లెక్క.

నమ్మరా? అయితే భుజంగరావు గారి సంగతి వినండి.

భుజంగరావు గారు తెనాలి నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డ మెకానికల్ లెక్చరరు. ఔటర్ రింగు రోడ్డు కోసం బొంగులూరు దగ్గర మట్టి తవ్వుతున్న రోజులవి. ఇబ్రహీంపట్నం పక్కన శేరిగూడలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీకి ఆయన రోజూ తన ఇరవై రెండేళ్ల కారులో వెళ్లేవారు. వెళ్లేవారంటే, చాలావరకు వెళ్లేవారు. బొంగులూరు దాటగానే కారు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయేది.

ఆగగానే ఎంత సందడి! వెనకొచ్చే కాలేజీ బస్సు ఆగేది. పిల్లలు దిగేవారు, తోటి లెక్చరర్లు దిగేవారు, బానెట్ లేచేది. ఒకరు కార్బురేటర్ మీద స్పానరుతో కొట్టేవారు. ఒకరు ఫిల్టర్‌ని నోటితో ఊదేవారు. ఈలోగా ఎవరో ఒకరు ‘అసలు పెట్రోలుందా సార్?’ అని ట్యాంకు మూత తీసి, పుల్ల ముంచి చూసి, మళ్లీ బిగించేవారు. మరుక్షణం కారు స్టార్టయ్యేది! ఆ క్షణానికి బానెట్ కింద ఎవరి చెయ్యి ఉంటే వారి సిద్ధాంతం రుజువైపోయినట్టే.

ఎవరినీ నొప్పించని శాస్త్రం ఇంకెక్కడైనా ఉందా? సోమవారం కార్బురేటర్ దోషి. బుధవారం పంపు. ఫైనలియర్ వినీత్ ఇంటర్నెట్ సెంటర్లో పద్నాలుగు పేజీలు ప్రింటు తీయించి, అన్ని పేజీల్లోనూ కారణాలున్నాయని తేల్చాడు. రోడ్డు పక్క ప్లాట్లమ్మే రాజశేఖర్‌ది మాత్రం వేరే శాస్త్రం. “బండి రోజు గీడనే ఆగుతుందంటే ఈ జాగ మిమ్ముల పిలుస్తున్నట్టే సార్. జర దిగి ఓ ప్లాట్ చూడుండ్రి!”

కాలేజీలో ఇంజిన్ లేదా అంటే, ఉంది. దానికి అద్దాల పెట్టె, పెట్టెకు తాళం, తాళంచెవి కరస్పాండెంట్ గారి జేబులో. పిల్లలు ముట్టుకున్న ఇంజినంటూ ఏదైనా ఉంటే అది భుజంగరావు గారి కారుదే. ఏడు ల్యాబ్ బ్యాచ్‌లు రికార్డుల్లో ఏడు కారణాలు రాశాయి. ఏడింటికీ ఆయనే టిక్కులు పెట్టారు.

ఏం చేస్తారు? అసలు కారణం ఆయనకూ తెలియదు! కార్బురేటర్ల మీద ఎంటెక్ థీసిస్ రాసిన మనిషికి సొంత కారు ఎందుకు ఆగుతుందో అంతుచిక్కడం లేదు. పైకి నవ్వేవారు గానీ, ఆ సిగ్గు లోపల ఆయన్ని కొరుక్కు తినేది.

అప్పుడొచ్చింది ఇన్‌స్పెక్షన్ కమిటీ కబురు. ల్యాబ్ లేదని తేలితే మెకానికల్ బ్రాంచి ఎత్తేస్తారు. బ్రాంచి పోతే యాభై నాలుగేళ్ల భుజంగరావు గారూ ఇంటికే. ఆ వయసులో ఇంకో కాలేజీలో ఉద్యోగం ఎవరిస్తారు?

ప్రిన్సిపాల్‌కు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. “మీ కారునే చూపిద్దామండీ! ఫ్యూయల్ సిస్టమ్ డయాగ్నసిస్ సెటప్ అని బోర్డు పెడదాం. అది ఆగుతుంది, పిల్లలు కనిపెడతారు.”

కమిటీ రావడానికి ముందురోజు మధ్యాహ్నం పిల్లలు కారుతో రిహార్సల్ చేస్తున్నారు. కారు ఆగింది, ఎవరో మూత తీశారు. పక్కనే వేరే రూటు బస్సు తుడుస్తున్న డ్రైవర్ సిద్దయ్య చెవులు రిక్కించి, పిల్లలు క్లాసుకు వెళ్లాక దగ్గరికొచ్చాడు. కందుకూరులో పదిహేనేళ్లు ట్రాక్టర్ నడిపిన మనిషి.

“సారూ, కస్సుమని గాలి గుంజుకుంది, విన్నరా? గీ మూత ఎప్పుడు పెట్టిండ్రు?”

“ఏడాదైంది. మా కాలనీలో పెట్రోలు దొంగల బెడద ఎక్కువైతే తాళం మూత వేయించాను.”

“గదే మరి! దీనికి బెజ్జం లేదు. పెట్రోల్ పోయిన జాగల గాలి రాకుంటే, పెట్రోల్ బయటికెట్ల ఎల్తది? దానికి ఊపిరాడ్తలేదు సారూ.”

సిద్దయ్య మేకు, సుత్తి తెచ్చి మూతకు చిన్న బెజ్జం కొట్టాడు. భుజంగరావు గారు బొంగులూరు దాకా వెళ్లి, తిరిగొచ్చి, ఇబ్రహీంపట్నం బస్టాండు దాకా వెళ్లి, మళ్లీ వచ్చారు. కారు ఒక్కసారి కూడా దగ్గలేదు! ఆయన కళ్లు చెమర్చాయి. కాలేజీ గేటు దగ్గర చిన్నపిల్లాడిలా పదిసార్లు హారన్ కొట్టారు.

ప్రిన్సిపాల్ పరుగెత్తుకొచ్చారు. “కొంప ముంచారు! రేపు కమిటీ ముందు ఇది ఆగకపోతే పిల్లలు ఏం కనిపెడతారండీ? బ్రాంచి ఉండాలా, వద్దా?”

భుజంగరావు గారు మూత మీది బెజ్జాన్ని వేలితో ఒకసారి తడిమారు. తర్వాత చేతులు కడుక్కునే చోటికి వెళ్లి సబ్బు ముక్క తెచ్చి, ఎవరూ చూడకుండా ఆ బెజ్జాన్ని తన చేత్తోనే పూడ్చేశారు.

మర్నాడు ప్రదర్శన అద్భుతం! గ్రౌండు చుట్టూ తొమ్మిదో రౌండులో కారు ఠంచనుగా ఆగింది. పిల్లలు ఏడు కారణాలు చెప్పారు. కమిటీ పెద్దాయన ముచ్చటపడి ఎనిమిదోది చెప్పి, పెట్రోలుందో లేదో చూడమని మూత తీయించారు. కారు స్టార్టయింది. చప్పట్లు! అరవై సీట్లున్న బ్రాంచికి నూట ఇరవై సీట్లిచ్చి వెళ్లారు. కారుకు దండ వేశారు.

చూశారా, ఆగే కారు మహిమ! ఇంకో అరవై మంది ఇంజనీర్లు! అదే కారు నడిచి ఉంటే?

సాయంత్రం సిద్దయ్య వచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

“మల్ల ఆగిందట గదా సారూ. నేను చెప్పింది తప్పున్నట్టుంది. అంత సదువుకున్న సార్లు ఎనిమిది తీర్ల చెప్పిండ్రంట, మూత ముచ్చట ఒక్కలు గూడ తియ్యలేదంట. ట్రాక్టర్ తోలెటోనికి గివన్ని ఏం తెలుస్తయ్?” అని నవ్వాడు. “మా బిడ్డ స్వప్న నా లెక్క కావొద్దు సారూ. కొత్త సీట్లొచ్చినయంట, జర ఒకటి ఇప్పియ్యుండ్రి. మీ దగ్గర మంచిగ నేర్సుకుంటది.”

‘నువ్వు చెప్పిందే నిజం సిద్దయ్యా’ అన్న మాట భుజంగరావు గారి నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనే ప్రిన్సిపాల్ గది తలుపు తెరిచి ఉంది.

“తప్పకుండా ఇప్పిస్తాను” అన్నారాయన.

సిద్దయ్య రెండు చేతులూ ఎత్తి ఆయనకు దండం పెట్టాడు.